గడమ్మకు నోరెందుకు లేదు

గర్భగుడిలో ఏం చూశారు? ముందు అది చెప్పండి. పడవ గడ పట్టుకుని నిలబడిన ఆడమనిషి, ముఖానికి మించిన చెవులు, ముక్కు కింద చదునుగా రాయి. నోరు అరిగిపోయిందని, ఎవరో పగలగొట్టారని చెప్పుకుంటూ చాలామంది తిరుగు పడవ ఎక్కుతారు. అరగలేదు. ఎవరూ పగలగొట్టలేదు. మా పెద్దలు నోరు చెక్కించనేలేదు.

పూర్వం ఇక్కడ, పెనుమడ సరస్సు మధ్యనున్న ఈ గడలంకలో, అంకాలు అనే బెస్త స్త్రీ ఉండేది. ఎండకాలం లోతులో, గాలి మళ్లినప్పుడు నాచు అంచున, కొత్త నీరు దిగినప్పుడు వాగు మూతి దగ్గర చేప ఉంటుందని లంకలో అందరికీ తెలుసు. నీటికాకులు మునిగే చోటు చూసి వల విసరడం పిల్లలకూ తెలుసు. ఇవేవీ పనిచేయని రోజున అంకాలు తన గడను అడుగు బురదలోకి దించి, పైకొసకు చెవి ఆనించేది. కింద చేపలుంటే ఎసట్లో బియ్యం కుతకుతలాడినట్టు వినిపిస్తుందనేది. ఆమె చూపిన చోట వల వట్టిగా లేచేది కాదు.

ఒకసారి వానలు వరుసగా మొహం చాటేశాయి. సరస్సు కుంచించుకుపోయి అక్కడక్కడా గుంటలు మిగిలాయి. జనం కలువ దుంపలు తవ్వుకు తిన్నారు, అవీ అయిపోయాయి. అంకాలు గుంట గుంటకూ గడ దించి వింటూ పోయింది. ఒక గుంటలో, ఎటువైపో అడగకండి, ఆ చప్పుడు వినిపించింది. గుడ్డు నిండిన తల్లిచేపలన్నీ అక్కడే తలదాచుకున్నాయి. గుడ్డుచేప ఉన్న నీటిలో వల వేయకూడదన్నది మా కట్టుబాటు. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఒడ్డుకు వచ్చింది.

కులపెద్ద గురవయ్య ఎదురొచ్చాడు. "ఏముందే కోడలా, అడుగున?"

"బురద, మామా."

"బురద చప్పుడు విని ఎవరైనా కళ్లు తుడుచుకుంటారటే?"

ఆమె గడ భుజాన వేసుకుని నడిచింది. ఇంటికొచ్చి చూస్తే మనవరాలు పోలి, వాసానికి వేలాడుతున్న ఎండు వలను లాక్కుని, చేపవాసన మిగిలిన ముడులను ఒక్కొక్కటే చప్పరిస్తోంది. అంకాలు గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగి గురవయ్యకు చోటు చెప్పింది.

"తల్లులను వదిలేద్దాం, మిగతావే పట్టుకుందాం" అన్నాడు గురవయ్య. అలా అనుకునే వల దించారు. వల పైకి లేచాక ఏది తల్లో చూసే ఓపిక ఆకలికి ఎక్కడుంటుంది? ఆ పూట లంకంతా కడుపునిండా తిన్నది. పోలి కూడా తిన్నది.

మరుసటేడు వానలు కురిశాయి. సరస్సు గట్లు తాకింది. అంకాలు ఎక్కడ గడ దించినా నీటి చప్పుడే తప్ప మరోటి లేదు. నిండు సరస్సు పక్కన పోలి ఆకలితో పోయింది. పిల్లను మట్టిలో పెట్టి అంకాలు ఆ తల్లిచేపల గుంటకు పడవ నడిపింది. పడవ ఖాళీగా కొట్టుకొచ్చింది. గడ మాత్రం గుంటలో నిలబడే ఉంది.

గురవయ్య కలలో ఆమె కనిపించి, "నన్ను గుడిలో నిలిపితే చెవులు పెట్టండి మామా, నోరు పెట్టకండి" అన్నదట. అలా వెలిసింది గడమ్మ. ఆ గుంట తల్లిగుంట అయింది, అందులో మళ్లీ ఎవరూ వల వేయలేదు. వాగుల వెంట చేప మళ్లీ చేరడానికి ఒక తరం పట్టింది.

నేటికీ వేట మొదలయ్యే రోజున ప్రతి ఇంటి పెద్దా నోటికి పసుపుగుడ్డ కట్టుకుని, గుడిలోని గడకు చెవి ఆనిస్తాడు. తల్లిగుంట జాడ బయటివారికి చెప్పనని మనసులో ఒట్టు పెట్టుకుంటాడు. ఆ ఒట్టు నిలిపిన ఇంట గంజికి కరువుండదని మా నమ్మకం.

ఇప్పుడు ఆకలి ఎరగని వాళ్లు మరబోట్లలో వస్తున్నారు. చేపల జాడ చూపే యంత్రం ఒళ్లో పెట్టుకుని, అమ్మకు కొబ్బరికాయ కొట్టి మరీ గుంట ఎటని అడుగుతున్నారు. మా వలలు ఏటికేడు తేలికవుతున్నాయి. డబ్బుకు ఆ జాడ చెప్పేవాళ్లు మాలోనే పుడుతున్నారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు, వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు.

గుడి చూడవచ్చిన మీరూ ఇందాక మాలాగే పసుపుగుడ్డ కట్టుకున్నారు, చెవి ఆనించారు, జాడ తెలిసినా చెప్పనని ఒట్టు పెట్టుకున్నారు. మీ ఇంటి పిల్ల ఎండు వల ముడులు చప్పరిస్తుంటే, మీరు చెప్పకుండా ఉంటారా?