ఎప్పుడవ్వ దండెం

అనగనగా, గాలి ఎటు వీస్తే ఓడ అటు పోయే కాలం. కొత్తరేవులో మాచన అని ఒక కుర్రవాడు ఉండేవాడు. వాడికి వైద్యం నేర్చుకోవాలని కోరిక. ఆ రోజుల్లో మంచి వైద్యం చెప్పే బడి సముద్రానికి అవతల, గవ్వల దీవిలో ఉండేది. వానలకు ముందు పోయే ఓడలో వెళ్ళాలి. వానాకాలమంతా చదవాలి. వానలు వెలిశాక తిరుగు ఓడ ఎక్కాలి. అదీ చదువు.

మాచన వెళ్ళాడు. దీవిలో వాన మామూలు వాన కాదు. కట్టుకున్న బట్ట ఆరేది కాదు. చెవికి తెలిసిన మాట వినబడేది కాదు. ఇంటిమీద బెంగ తీరేది కాదు.

బడి వెనక ఒక గుడిసె, గుడిసెలో ఒక ముసలామె. కొబ్బరి డొక్కలు రాజేసి, పైన దండెం కట్టి, చదువుకునేవాళ్ళ బట్టలు ఆరబెట్టడం ఆమె పని. దండెం అంటే తెలుసుగా పిల్లలూ? బట్టలారేసే తాడు. ఆమె ఆరేసిన బట్టకి పొగ వాసన వచ్చేది. అందుకని బడిలో అందరూ ఆమెను పొగముసలి అనేవాళ్ళు. మాచన ఒక్కడే అవ్వా అనేవాడు.

వాడు ఆ మంట పక్కన కూర్చుని తెలుగులో ఏడ్చేవాడు. ఆమె దీవి భాషలో ఓదార్చేది. ఒకరి మాట ఒకరికి తెలియదు, అయినా ఏడుపు తగ్గేది. మెల్లగా వాడు ఆమెకు మాటలు నేర్పాడు. బయటికి చెయ్యి చాపి "వాన" అన్నాడు. ఆమె "వాన" అంది. గుమ్మం దాటి "వెళ్ళాను" అన్నాడు. గబుక్కున లోపలికి దూరి "వచ్చాను" అన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. అన్నిట్లోకీ "ఎప్పుడు" అన్న మాట ఆమెకు భలే నచ్చింది. పొద్దున లేస్తే అదే పాట. "మాచనా, వాన వెళ్ళు, ఎప్పుడు? ఎండ వచ్చు, ఎప్పుడు?"

అలా చదువు ఆఖరి రోజులకు వచ్చింది. అప్పటికి మాచనకు దీవి భాష వచ్చేసింది. స్నేహితులు దొరికారు. అందరూ ఓడలున్నవాళ్ళ పిల్లలు. మంట దగ్గరికి వెళ్ళడం తగ్గింది, తగ్గి తగ్గి మానేశాడు.

బడిలో వీడ్కోలు విందు జరుగుతోంది. తాటాకు గొడుగు కింద సగం తడుస్తూ అవ్వ వచ్చింది. మాచన ఎప్పుడో మరిచిపోయి వచ్చిన ఉత్తరీయం ఆరబెట్టి, మడతపెట్టి, గుండెలకు హత్తుకుని తెచ్చింది.

"ఒరేయ్ మాచనా! పొగ ముందొచ్చింది, మనిషి వెనకొచ్చింది. ఎవర్రా, మీ చుట్టమా?" అన్నారు స్నేహితులు.

"చుట్టమేంటి! బట్టలారేసే మనిషి" అన్నాడు మాచన.

ఆ మాట తెలుగులో అని ఉంటే ఆమెకు సగమే తెలిసేది. వాడు దీవి భాషలో అన్నాడు. అవ్వ ఉత్తరీయం గట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది. మాచన విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది.

రేవుకి వెళ్ళేముందు కాళ్ళమీద పడి తప్పు ఒప్పుకుందామనుకున్నాడు. కాళ్ళు గుడిసె వైపు సాగలేదు. ఓడ ఎక్కబోతుంటే, అవ్వే రేవులో నిలబడి ఉంది. స్నేహితులు చూస్తున్నారు. ఏం చెప్పాలో తోచక, అలవాటైన మాట ఒకటి అనేశాడు.

"వెళ్ళొస్తానవ్వా."

ఇక్కడ ఆ మాటను విడదీసి చూడాలి. వెళ్ళి, వస్తాను. మనవైపు పోతాను అనకూడదు, అపశకునం. మళ్ళీ రానివాడు కూడా వెళ్ళొస్తాననే అంటాడు. అది మర్యాద. దీవిలో అలా కాదు. వెళ్ళేవాడు వెళ్తున్నానంటాడు. వచ్చేవాడే వస్తానంటాడు.

అవ్వ కూడా విడదీసింది. "వెళ్ళి... వస్తాను?" ముఖం వెలిగిపోయింది. "ఎప్పుడు?"

"ఏరా, రావా?" అని ఓడమీంచి కేకలు.

"వానలకి" అనేసి మాచన ఓడెక్కాడు.

కొత్తరేవులో మాచన వైద్యుడయ్యాడు. వానలు వచ్చాయి, వెలిశాయి. దీవి నుంచి ఓడ వచ్చింది. ఓడ నడిపే సరంగు దాలయ్య వచ్చి చెప్పాడు. "బాబూ, ఆ ముసలామె దండెం చివర జానెడు చోటు ఖాళీగా ఉంచింది. ఎవర్నీ బట్ట వెయ్యనివ్వదు. మాచన ఎప్పుడు, అని అడిగింది."

మాచనకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? "వచ్చే వానలకని చెప్పు" అన్నాడు.

రెండో వానలు వెలిశాయి. "బాబూ, ఆమెకు చూపు ఆనడంలేదు. చేత్తో తడిమి చూసుకుంటోంది, ఆ చోట ఎవరైనా బట్ట వేశారేమోనని. మాచన ఎప్పుడు, అని అడిగింది."

"వచ్చే వానలకని చెప్పు."

మూడో వానలు వెలిశాయి. దాలయ్య వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"ఏమడిగింది దాలయ్యా?"

"అడగడానికి మనిషి లేదు బాబూ."

మళ్ళీ ఓడ కదిలినప్పుడు మాచన అందులో ఉన్నాడు. దీవిలో గుడిసె ఉంది, మంట ఉంది, మంట దగ్గర పక్కింటామె ఉంది. దండెం నిండా బట్టలు. చివర జానెడు ఖాళీ.

"మాచనవి నువ్వేనా?" అంది ఆమె. "వాళ్ళ దేశంలో అది ఊరికే అనే మాట, వాడు రాడు, అని ఎంత చెప్పినా వినలేదు. మామీదే కసిరింది. ఆ మాటలు నాకు నేర్పింది వాడే, వాడు తప్పు నేర్పుతాడా, అంది."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మాచనకు. తడిసిన ఉత్తరీయం తీసి ఆ ఖాళీలో వేశాడు. అది ఆరేదాకా తలవంచుకుని కూర్చున్నాడు. పొగ కళ్ళలో పడుతున్నా పక్కకి జరగలేదు.

తిరిగొచ్చాక మాచన ఏ రోగి ఇంట్లోనూ ఉత్తినే వెళ్ళొస్తానని అనలేదు. "రేపు పొద్దున వస్తాను" అనేవాడు, వచ్చేవాడు. రాని రోజున "ఇక రాను" అనేవాడు. అవ్వ కథ అడిగినవాళ్ళకు చెప్పేవాడు. విందులో తను అన్న మాట కూడా దాచకుండా చెప్పేవాడు.

ఇప్పటికీ కొత్తరేవులో ఎవరైనా వెళ్ళొస్తానంటే, గుమ్మంలో ఆడుకునే చంటిది కూడా "ఎప్పుడు?" అంటుంది. ఇంకో ఊళ్ళో అయితే, బయలుదేరే మనిషిని ప్రశ్న వేశావని వీపు మీద ఒక్కటిస్తారు. ఇక్కడ అడక్కపోతేనే తప్పు. రాగలిగినవాడు రోజు చెబుతాడు. రాలేనివాడు "వెళ్తున్నాను" అని దణ్ణం పెడతాడు, ఎవరూ ఏమీ అనుకోరు.

తొలకరి పడిందంటే, ఎన్ని తడిబట్టలున్నా సరే, ప్రతి ఇంట్లో దండెం చివర జానెడు చోటు వదిలేస్తారు. దానికి ఎప్పుడవ్వ చోటు అని పేరు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు తెలియక అక్కడ చీర ఆరెయ్యబోతే, అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

"అక్కడ కాదమ్మా. అది వస్తానన్నవాడి చోటు."