విరగని సీలు

జకరయ్య మేస్త్రికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా సూటిగా జవాబు చెప్పేవాడు కాదు. చేతికో పాత గుడ్డ ఇచ్చి, పక్కనో కిరోసిన్ డబ్బా పెట్టి, "ముందు ఇది తుడిచి చూడు" అనేవాడు. బెజవాడ ఆటోనగర్‌లో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా ఆ తుడవడం దగ్గర మొదలైనవాళ్ళే. విసుగొచ్చి అక్కడితోనే వెళ్ళిపోయినవాళ్ళూ తక్కువేమీ కాదు.

వకుళ వెళ్ళిపోలేదు గాని, ఆ ఏడు వర్షాకాలం వచ్చేసరికి ఆమె ఓపిక కూడా హరించుకుపోయింది. ఆమె గుంటూరు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతుంది. తరగతిలో ఒకరు చెయ్యెత్తితే చాలు, బోర్డు మీద బొమ్మ గీసి మరీ సందేహం తీర్చే మనిషి. అటువంటి మనిషి ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి ఈ మేస్త్రి దగ్గర శిష్యరికం చేయడానికి కారణం ఆమె కారు. అది ఇద్దరే పట్టే పాత జపాన్ కారు. అందులో ఉన్నది రోటరీ ఇంజిను. దానిలో పిస్టన్లుండవు. నడుమున కాస్త నొక్కిన గుడ్డులాంటి గదిలో మూడు మూలల రోటర్ గిరగిరా తిరుగుతుంది. ఆ గదిని హౌసింగ్ అంటారు. రోటర్ మూడు కొసల్లోనూ వేలెడు పొడవున సన్నని లోహపు పట్టీలుంటాయి. వాటిని అపెక్స్ సీళ్ళంటారు. అవి గది గోడను ఎడతెగకుండా ఒరుసుకుంటూ తిరుగుతాయి. లోపల మండిన వాయువు పక్కకు జారిపోకుండా కాపాడేవి అవే. వకుళ ఇంజినులో రోటర్లు రెండు, సీళ్ళు ఆరు. ఆరూ అరిగిపోయాయి. దీపావళికి ముందు చెన్నై ట్రాక్ మీద జరిగే పోటీకి ఆమె అప్పటికే పేరిచ్చేసింది.

ఏ సీళ్ళు వేయాలన్నది ప్రశ్న. ఆమె నలభై రోజులు కూర్చుని చదివింది. కారు చేసినవాళ్ళ సొంత సీళ్ళున్నాయి, పింగాణీ సీళ్ళున్నాయి, ఎంత దెబ్బ తగిలినా విరగని గట్టి ఉక్కు సీళ్ళు కూడా ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని వాడినవాళ్ళు అదే అమృతమంటారు, మిగతావి విషమంటారు. ఆమె పెద్ద కాగితం మీద గళ్ళు గీసి, అన్నిటి గుణదోషాలూ రాసి, ఒక ఆదివారం మేస్త్రి ముందు పరిచింది.

"మేస్త్రిగారూ, ఒక్క ముక్క చెప్పండి చాలు. ట్రాక్ మీద తోలడానికి వీటిలో ఏది మంచిది?"

మేస్త్రి కాగితం వైపు చూడనైనా లేదు. "హౌసింగ్ తుడిచావా?"

"మూడుసార్లు తుడిచాను."

"కొలిచావా?"

"పన్నెండు చోట్ల కొలిచాను."

"అయితే పదమూడో చోట కొలువు."

వకుళకు ఒళ్ళు మండింది. ఆ కాగితం ఉండచుట్టి సంచిలో కుక్కి, ఆ రోజంతా ఆయనతో మాట్లాడకుండా పదమూడో చోటేమిటి, ఇరవయ్యో చోట కూడా కొలిచింది. తిరుగు బస్సులో తనలో తానే అనుకుంది: ఈయనకు నిజంగా తెలియదేమో, తెలియదని చెప్పడానికి నామోషీ అయి, తుడవమని తప్పించుకుంటున్నాడేమో.

మరుసటి ఆదివారం ఆమె వెళ్ళేసరికి షెడ్డు ముందు వ్యాను ఆగి ఉంది. అందులో తాళ్ళతో కట్టిన రోటరీ ఇంజిను ఒకటి. పక్కనే తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన అటూ ఇటూ తిరుగుతూ కేకలేస్తున్నాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న విజయగోపాలరాజుగారట.

"రెండేళ్ళ కిందట మీ చేత్తోనే కట్టారండీ దీన్ని! ఇక జన్మలో విరగని సీళ్ళేశానన్నారండీ! ఇప్పుడు చూస్తే స్టార్టు కూడా అవ్వట్లేదు. ఏం చెబుతారో చెప్పండి!"

మేస్త్రి ఇంజిను దింపించి, బల్ల మీద పెట్టి, వకుళను పిలిచి విప్పమన్నాడు. నట్లన్నీ ఊడదీసి హౌసింగును పైకి లేపేసరికి మధ్యాహ్నమైంది. ముందు బయటపడ్డవి సీళ్ళే. వాటికేమీ కాలేదు. అంచులు పదునుగా, నిన్న మొన్న పెట్టెలోంచి తీసినట్టు నిగనిగలాడుతున్నాయి.

"చూశారా!" అన్నారు రాజుగారు. "సీళ్ళు బంగారంలా ఉన్నాయి. మరి రోగం ఎక్కడండీ?"

వకుళ హౌసింగును వెలుతురుకు తిప్పింది. లోపలి గోడకుండే మెరుపు పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. గోడ చుట్టూ నాగలి చాళ్ళలా గీతలు పడ్డాయి. రెండో హౌసింగు ఇంకా అధ్వాన్నంగా ఉంది. సీళ్ళు మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ హౌసింగులు కొత్తవి కావాలంటే ఇప్పుడు దొరకడం గగనం.

రాజుగారు వంగి ఆ గోడల్ని చూశారు. తరువాత అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డారు. గొంతులో ఇందాకటి జోరు లేదు. "మా తమ్ముడి కారండీ ఇది. వాడు పోయి మూడేళ్ళు. వాడి బట్టలు కూడా పంచిపెట్టేశాం గాని, దీన్ని మాత్రం ఆగనివ్వకూడదనుకున్నాను. అందుకే కదండీ విరగనిది వేయమని మిమ్మల్ని అంతగా బతిమాలాను."

జకరయ్య మేస్త్రి ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "తప్పు నాదే, రాజుగారూ. విరగని సీలు కావాలన్నారు. విరగని సీలు ఇచ్చాను. సీలు విరగకపోతే దెబ్బ గోడకు తగులుతుంది. ఆ సంగతి మీరు అడగలేదు, నేను చెప్పలేదు. హౌసింగులు ఎక్కడున్నా వెతికి తెప్పించే పూచీ నాది."

 వారం రోజులుగా ఈయనకు తెలియదేమోననుకుంటోంది వకుళ. తెలియకపోవడం కాదు. తెలిసి, అడిగినదానికి ఒకసారి సూటిగా జవాబిస్తే, దాని ఫలితమిది. జాలి కలగవలసిన చోట ఆమెకు మళ్ళీ కోపమే వచ్చింది.

"ఈ సంగతి నాకు పోయిన వారమే చెప్పొచ్చు కదండీ!"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఉక్కు సీళ్ళను జాబితాలోంచి కొట్టేసేదాన్ని."

"అదే మరి," అని మేస్త్రి ఆమె చేతికి గుడ్డ అందించాడు.

ఆ గుడ్డను ఆయన మొహాన కొట్టాలన్నంత కసి వచ్చింది ఆమెకు. కొట్టకుండా, ఆ కసినంతా రాజుగారి రోటర్ల మీద చూపించింది. మసి వదిలేకొద్దీ ఆమె చేయి నెమ్మదించింది. రోటర్ ముఖం మీద ఒకే చోట, మంట పుట్టే వైపున, సన్నని పోట్లు పొడిచినట్టు గుంటలున్నాయి. రెండో రోటర్‌ను తుడిచి చూసింది. దానికీ సరిగ్గా అక్కడే ఉన్నాయి. వేళ కాని వేళ మంట పేలి కొట్టిన దెబ్బలవి.

ఆమె తల ఎత్తింది. "రాజుగారూ, తోలేటప్పుడు ఇంజినులోంచి చప్పుడేమైనా వచ్చేదా?"

"వచ్చేదమ్మా. వేడెక్కితే చాలు, రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండేది."

"ఎన్నాళ్ళు?"

"ఏడాది పైనే వచ్చుంటుంది." ఆయన కాస్త సిగ్గుపడ్డట్టు తల దించుకున్నారు. "ఎలాగూ విరగని సీళ్ళు కదా అని పట్టించుకోలేదు."

వకుళ మేస్త్రి వైపు చూసింది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె ఆ సాయంత్రం బస్సులో కాగితం తీసి, గళ్ళ మధ్య చాలాసేపు వెతికింది. దెబ్బ తగిలితే విరిగే సీలును దోషమని రాసుకుంది తను. విరుగుతుందన్న భయంతో మనిషి ఏమేం చేస్తాడో రాసుకోవడానికి అందులో గడి లేదు.

ఆమె కారు చేసినవాళ్ళ మామూలు సీళ్ళే తెప్పించింది. అక్కడితో పని తీరలేదు, పెరిగింది. పెట్రోలులో ఆయిల్ కొలిచి కలుపుకోవాలి. మంట పుట్టే వేళను వెనక్కి జరపాలి, అంటే కాస్త బలం వదులుకోవాలి. వేడి చూపే ముల్లును కళ్ళెదుటికి మార్చాలి. ఒక్కొక్కటి చేస్తున్నకొద్దీ ఆమెకు చిరాకెత్తింది. ఇన్ని జాగ్రత్తలు పడవలసి వచ్చే సామాను కన్నా, ఏ జాగ్రత్తా అక్కర్లేని సామాను మేలని లోపల ఏదో పోరు పెడుతూనే ఉంది.

చెన్నై పోటీలో తొమ్మిదో చుట్టుకు ఆమె మూడో స్థానంలో ఉంది. ముందున్న కారు అందేంత దగ్గరకొచ్చింది. పొడవాటి తిన్నని దారి మొదలైంది. కాలు అదిమి పట్టింది. అప్పుడు ముందు బానెట్ కిందనుంచి, ఇంజిను రొదలో కలిసీ కలవనట్టు, గులకరాళ్ళ చప్పుడు. ముల్లు ఇంకా ఎర్రగీతకు చేరలేదు. తన భ్రమేనేమో. ఇంకో రెండు చుట్లే. ఆమె పళ్ళు కొరుక్కుంటూ కాలు తీసింది. ఒక కారు కుడి పక్కనుంచి, ఇంకొకటి దాని వెనకే దూసుకుపోయాయి. హెల్మెట్ లోపల తనను, ఇంజినును, మేస్త్రిని కలిపి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకుంటూ మిగిలిన దూరం మెల్లగా లాక్కొచ్చింది. దక్కింది అయిదో స్థానం.

ఆ పై ఆదివారం ఇద్దరూ కలిసి ఇంజిను విప్పారు. సీళ్ళు కాస్త అరిగాయి గాని ఆరూ ముక్క కాకుండా ఉన్నాయి. గోడ ఎక్కడా గీత లేకుండా మెరుస్తోంది. అది చూసి ఆమెకు సంతోషం కలగకపోలేదు. అయినా ఉడుకు చల్లారలేదు.

"కాలు తీయకపోతే మూడో స్థానం నాదే, మేస్త్రిగారూ. ఇంకో రెండు చుట్లు, అంతే."

"నీదే," అని ఒప్పుకున్నాడు మేస్త్రి.

"ముల్లు కూడా ఎర్రగీతకు రాలేదు. ఆ వెధవ చప్పుడు వినపడింది, అందుకని తీశాను."

జకరయ్య మేస్త్రి బొటనవేలితో హౌసింగ్ గోడ చుట్టూ ఒకసారి మెల్లగా నిమిరాడు.

"వినపడిందా," అన్నాడు. "ఆ చెవి పార్సిల్లో వచ్చే సామాను కాదమ్మా."