నక్క ఎర్ర బండి, ముంగిస నిమ్మకాయలు

గుట్టకి ఇవతల అడవిలో నక్క బుచ్చెన్నకి డుగుడుగుమనే పాతకాలపు మోటారు బండ్ల కొట్టు ఉండేది. ఆ అడవికంతా మంత్రసాని ముంగిస మాణిక్యమ్మ. చెయ్యి చల్లనిది, కాళ్ళే పొట్టివి. కిందటి వానాకాలం గుట్టవతల లేడికి నొప్పులొస్తే, పాపం, నడిచి చేరేసరికి ఆలస్యమైపోయింది. పిల్ల దక్కలేదు. ఆ లేడికే ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి.

మాణిక్యమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, బండి వెలగా రెండు కుండల తేనె ఎద్దు భూషయ్య వీపున కట్టించి కొట్టుకొచ్చింది.

"ఆ మూలనున్న పొట్టి బండి చూపించు తమ్ముడూ."

"అది నేనెక్కేది అక్కా, అమ్మను. ఈ ఎర్ర బండి చూడు, రాజాలా లేదూ?"

ఆ ఎర్ర బండి ఎక్కితే ఎవరి కాళ్ళూ నేలకి అందక మూడేళ్ళుగా అక్కడే పడి ఉంది.

"ఎత్తేమో?"

"ఎక్కి చూడరాదూ!"

ఎక్కింది. రెండు కాళ్ళూ నిక్షేపంగా ఆనాయి. కానీ చక్రాల చుట్టూ గడ్డి పరిచి ఉంది.

"ఈ గడ్డేంటి?"

"పెళ్ళికూతురు కదక్కా, కాళ్ళకి మట్టంటకూడదని!"

బొరియల్లో పుట్టి పెరిగిన ముక్కు మాణిక్యమ్మది. గడ్డి కింద అప్పుడే తవ్విన మట్టి వాసన తగిలింది. బండి దిగింది.

"రేపు దారిలో కాళ్ళందకపోతేనో?"

"అందకపోతే కొట్లో నీకు నచ్చిన బండి పట్టుకుపో. భూషయ్య మామే సాక్షి!"

ఎద్దు నెమ్మదిగా తలాడించాడు.

"సరే అయితే. మా అమ్మ నాటినుంచీ మా ఇంట్లో ఒక పద్ధతుంది తమ్ముడూ. నిమ్మకాయలు తొక్కించందే బండి ఎక్కం. అదీ అమ్మినవాళ్ళే తొక్కించాలి." సంచిలోంచి రెండు నిమ్మకాయలు తీసి చక్రాలకి ఎదురుగా చదును నేలమీద పెట్టింది.

నక్క గడ్డి వంక చూశాడు. "ఇంటికెళ్ళాక తొక్కించుకోరాదా అక్కా?"

"శుభమా అని బండి కొంటుంటే నసేంటి అల్లుడూ? ఎక్కు," అన్నాడు ఎద్దు.

తప్పక ఎక్కాడు. కిక్కు కొట్టాడు. అంతే! గడ్డి కింద తవ్విన కాలవలోంచి బండి ఒక్క గెంతు గెంతి చదును నేలకొచ్చింది. సీటు జానెడు పైకి లేచింది. నిమ్మకాయలు చితికాయి. నక్క కాళ్ళు గాల్లో వేలాడుతుంటే బండి కొట్టు చుట్టూ తిరగసాగింది.

"ఇక ఆపు తమ్ముడూ, కొబ్బరికాయ కొట్టాలి!"

"ఎలా ఆపను తల్లోయ్? ఆపితే పడతాను! కాళ్ళు నేలకి అందట్లేదు!"

భూషయ్య నింపాదిగా నెమరేస్తూ, "విన్నానమ్మా," అన్నాడు. "సాక్షిని కదా."

కొట్టు పక్కనున్న గడ్డివాములో దూరి బండి ఆగింది. నక్క పైకి లేచి, చెవుల్లోంచి గడ్డి దులుపుకునేసరికి మాణిక్యమ్మ తేనె కుండలు దింపించి, మూలనున్న పొట్టి బండికి బొట్టు పెడుతోంది.

ఆ సాయంత్రానికల్లా ఆవిడ గుట్ట దాటింది. దైవం దయవల్ల లేడిపిల్ల లేచి నిలబడి పాలు తాగింది. నక్క మాత్రం ఆ రోజు నుంచీ ఇంటికి నడిచే వెళ్తున్నాడు.

తాను ఎక్కలేని బండిని ఇంకొకరికి అంటగట్టబోతే, ఉన్న బండి కూడా పోతుంది.