ముప్ఫై ఏళ్ల చందనం

మణిగిరి రాజు విజయభూపతికి ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుండగా ఒక కోరిక పుట్టింది. ఖజానాలో ఊరికే పడున్న బంగారమంతా చందనం మొక్కల్లో పెట్టెయ్యాలట! ఆ పురుగు రాజు చెవిలో వదిలినవాడు కుబేరదాసు, బజారులో పేరుమోసిన దళారి.

కొలువు తీరగానే కుబేరదాసును పక్కన కూర్చోబెట్టుకుని రాజు అన్నాడు:

"ఈయన్ని ఖజానాకి సలహాదారుగా పెట్టుకుంటున్నా. ఈయన సలహాలో తప్పుంటే ఎవరైనా ఇప్పుడే చూపించండి, కోరింది ఇస్తా. చూపించలేకపోతే నోరు మూసుకోండి."

మంత్రులు ముందే మూసుకున్నారు. అప్పటికే ఒక్కొక్కరూ ఆయన దగ్గర ఒక్కో చందనం తోట కొని కూర్చున్నారు మరి!

రాజు వెనక గొడుగు పట్టే సింగప్పకి ఒళ్లు మండింది. అరవై ఏళ్ల మనిషి. కరువులో గంజి కోసం వరసలో నిలబడి పెరిగినవాడు. తీపి మాటలు అతనికి గిట్టవు.

ఇంతలో ద్వారం దగ్గర గోల. భటుల్ని తోసుకుంటూ పోలమ్మ వచ్చింది. కోట వంటశాలలో నలభై ఏళ్లు వడ్లు దంచిన ముసలిది. వయసు డెబ్బై రెండు. పని మానేసిన రోజున చేతిలో పెట్టిన వరహాల మూటే ఆమెకి ఆధారం.

"నా మూట నాకిప్పించండి బాబూ! ఇంట్లో గింజ లేదు. ఈయనేమో దాన్ని చందనం మొక్కల్లో పెట్టించి ముప్ఫై ఏళ్లు ఆగమంటున్నాడు."

కుబేరదాసు మీసం దువ్వాడు. "మొక్కలున్నాయి ప్రభూ, పచ్చగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్లకి పదింతలని చెప్పాను. ఒక్క అబద్ధం ఆడలేదు. వేలిముద్ర వేసింది కూడా."

"అప్పటికి నాకు నూటరెండేళ్లయ్యా!"

"నీ వారసులు తింటారు అవ్వా."

"నాకెవరున్నారు? నువ్వు తింటావా?"

రాజు తల గోక్కున్నాడు. "అబద్ధం లేదు. వేలిముద్ర ఉంది. ఇక తప్పెక్కడ?"

సింగప్ప ఉండబట్టలేక ముందుకు వంగాడు. "పోలమ్మవ్వా, బేరం ఎలా కుదిరింది?"

"అందరికీ కుదిరినట్టే. చేతిమీద కండువా కప్పి ఒట్టు వేశాడు."

అది మణిగిరి బజారు కట్టుబాటు. దళారి తన కండువాను కొనేవాళ్ల చేతిమీద కప్పి, 'నీ స్థానంలో నేనున్నా ఇదే చేస్తాను' అనాలి. ఆ ఒట్టు ఉత్తదని తేలితే బేరం రద్దు, సొమ్ము దళారే తిరిగివ్వాలి. తేల్చేదెలా? మనిషి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? అందుకే దళారులు ఆ మాటను తుమ్మినంత తేలిగ్గా అనేస్తుంటారు.

"ప్రభూ, ఈ గొడవ తర్వాత చూద్దాం," అన్నాడు సింగప్ప. "ముందు దాసుగారి జీతం సంగతి తేల్చండి."

కుబేరదాసు మొహం వెలిగిపోయింది. "నెలకి వంద వరహాలు. నెల మొదట్లోనే ఇప్పించాలి."

"అయ్యయ్యో, ఇంత గొప్పవారికి వందేమిటండీ! ప్రభూ, జీతమంతా చందనం మొక్కల్లో ఇప్పించండి. ముప్ఫై ఏళ్లకి పదింతలవుతుంది!"

"భేష్!" అన్నాడు రాజు. "రాసుకో లేఖకుడా."

"ఆగండాగండి!" కుబేరదాసు ఒక్క ఉదుటున లేచాడు. "అంతవరకు నేను తినేదేమిటి?"

"మొక్కలు పచ్చగా ఉన్నాయిగా దాసుగారూ," అన్నాడు సింగప్ప అమాయకంగా.

"పచ్చగానే ఉంటాయని రాసిచ్చేదెవడు? చీడ పట్టొచ్చు. ఏనుగులు తొక్కొచ్చు. తీరా చేవదేరాక దొంగలు నరుక్కుపోవచ్చు. మధ్యలో అవసరమొచ్చి అమ్ముదామంటే పొయ్యిలో పుల్లలకింద కూడా ఎవడూ కొనడు! నాకు యాభై అయిదేళ్లు. ముప్ఫై ఏళ్లు ఎవడు చూడొచ్చాడు? నాకు నెలనెలా రొక్కమే కావాలి!"

మంత్రుల మొహాలు పాలిపోయాయి. ఆ చీడా ఆ ఏనుగులూ వాళ్లు ఇప్పుడే వింటున్నారు.

సింగప్ప రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, ఆ అవ్వ చేతిమీద కండువా కప్పి, ఆమె స్థానంలో ఉన్నా ఇదే చేస్తానన్నాడు. ఇప్పుడు ఆ స్థానంలో నిలబెట్టాం. ఏం చేశాడో చూశారుగా!"

రాజు పకపకా నవ్వాడు. రాజు నవ్వాక భటులు నవ్వారు. మంత్రులు మాత్రం నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయారు.

"ఒట్టు ఉత్తదని నీ నోటితో నువ్వే తేల్చావు దాసూ! మధ్యాహ్నం లోపల అవ్వ మూట అవ్వ చేతిలో ఉండాలి. ఆ మొక్కలు నువ్వే ఉంచుకో, నీళ్లు పోసుకో. సలహాదారు పదవి లేదు, పో!"

పెద్దమంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, మా తోటలు కూడా..."

"మీకు వయసుంది, జీతముంది, చదువుంది. అడగాల్సింది అడగలేదు. మీరూ నీళ్లు పోసుకోండి!"

పోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"సింగప్పా, కోరింది ఇస్తానన్నాను. ఏం కావాలో అడుగు," అన్నాడు రాజు, కళ్లు తుడుచుకుంటూ.

"ఏటిపక్కన రెండు మళ్లు ఇప్పించండి ప్రభూ. వరి వేసుకుంటా. నాలుగు నెలల్లో కంచంలోకి అన్నమొస్తుంది."

రాజు మళ్లీ నవ్వి, నాలుగు మళ్లు ఇచ్చాడు.