రెడ్డెమ్మ పంపిన స్వెటరు

ఓబులేసుకి ఒకటే కోరిక. మందు కొట్టంలోకి అడుగు పెట్టాలి.

మందంటే టపాకాయల మందు. సీమలో ఒక పల్లెకి అవతల, రాళ్లగుట్టల మధ్య బీడులో దస్తగిరి ఉస్తాదు టపాకాయలు తయారుచేయించేవాడు. గొట్టాలు చుట్టేవాళ్లకో కొట్టం, వత్తులు ఎండబెట్టేదానికో కొట్టం. మందు కలిపే కొట్టం మాత్రం అన్నిటికీ ఎడంగా, ఎవరితోనో అలిగి పోయి కూర్చున్నట్టు ఒంటరిగా ఉండేది. అందులోకి ఉస్తాదు తప్ప ఇంకొకరు పోయేది లేదు.

ఓబులేసు చేరి ఏండ్లు గడిచినా గొట్టాల దగ్గరే ఉండిపోయాడు. జిగురు పూయడం, చుట్టడం, ఆరబెట్టడం. మందు కలపడం చేతికొస్తేనే మేస్త్రీ అవుతాడు. మేస్త్రీ అయితేనే రెడ్డెమ్మ ఇంటికొస్తుంది.

రెడ్డెమ్మ అతని భార్య. కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "నువ్వు మేస్త్రీ అయిన దినం చెప్పు. ఆ దినమే మా మేడంకి చెప్పేస్తా, నేను పోతాండానని." నవ్వుతూనే అనేది. ఫోన్ పెట్టేశాక ఓబులేసుకి ఆ నవ్వు ఒక్కటే మిగిలేది. మిగిలిన రాత్రంతా దానితోనే గడవాలి.

ఆ చలికాలం ఊరి మనిషి ఎవరో కువైట్ నుంచి వస్తుంటే వాళ్ల చేతికి ఒక స్వెటరు ఇచ్చి పంపింది. నున్నగా, మెత్తగా, పిల్లికూన వీపులాగా ఉంది. ఉన్ని కాదు, నూలు కాదు, ఏదో ప్లాస్టిక్ దారం. పంపే ముందు తనే నాలుగు దినాలు వేసుకుందంట. ఎందుకే అంటే, "ఊరికే" అంది.

ఊరికే ఎందుకేసుకుంటుంది? ఓబులేసుకి తెలుసు. ఆ రోజు నుంచి దాన్ని విడిచింది లేదు.

పడుకునేముందు మాత్రం విప్పేవాడు. తల మీదుగా లాగుతుంటే చిటచిటమని సన్నటి చప్పుడు వచ్చేది. అచ్చం రెడ్డెమ్మ తలారబెట్టుకొని దువ్వెన పెట్టినప్పుడు వచ్చే చప్పుడే. అందుకని లైటు ఆర్పకముందే, కండ్లు మూసుకొని, మెల్లగా విప్పేవాడు. ఆ కాస్త సేపు ఆమె ఆ గదిలోనే ఉన్నట్టుండేది.

అట్లా ఉండగా ఒక సాయంత్రం ఉస్తాదు గొట్టాల కొట్టం దగ్గరికి వచ్చి, "ఓబులేసూ, రేపు పొద్దున నాతో రా" అన్నాడు. అంతే.

నియమాలు అందరికీ తెలిసినవే. మందు కొట్టంలోకి పోయేవాడు నూలుబట్టలే కట్టాలి. చెప్పులు, మొలతాడుకున్న తాళంచెవి, ఉంగరం, ఫోను, అగ్గిపెట్టె అన్నీ దూరంగా వదిలేయాలి. లోపల జల్లెడ వెదురుది, గరిటె కొయ్యది, నేలమీద తడిగోనె. గడపకి ఇవతల తడిమన్ను పోసిన దిబ్బ ఒకటుంది. రెండు అరచేతులూ దానికి ఆనించి కాసేపు కూర్చోవాలి. ఎందుకని అడిగితే ఉస్తాదు, "భూమికి సలాం చెప్పి పోదాం" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

తెల్లారి ఓబులేసు తలస్నానం చేసి వచ్చాడు. గొట్టాలు చుట్టే చౌడప్ప చూసి, "ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి తయారైనావే" అన్నాడు.

"మందు కొట్టంలోకి పిలిచినాడు చౌడన్నా."

"అయితే పెండ్లికొడుకువే. కానీ చూసుకో, అది అత్తగారిల్లు కాదు. అలిగిందంటే బతిమాలేదానికి కూడా ఎవురూ మిగలరు."

ఓబులేసు నవ్వాడు. పైన నూలుచొక్కా వేసుకున్నాడు. లోపల రెడ్డెమ్మ స్వెటరు ఉంది.

విప్పాలని చూడకపోలేదు. ఇంట్లో విప్పబోయాడు కూడా. ఇన్నేండ్లు ఎదురుచూసిన దినం, ఇద్దరూ కలిసి ఎదురుచూసిన దినం, ఆమెను బయట నిలబెట్టి తనొక్కడే లోపలికి పోయినట్టుంటుందే అనిపించింది. పైన నూలే కదా, కనపడేది నూలే కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. మనసు పీకుతున్నప్పుడు సాకులు చీమల్లాగా బారుకట్టి వస్తాయి కదా.

ఉస్తాదు దిబ్బ దగ్గర కూర్చొని ఉన్నాడు. గాలి పొడిగా, పెదాలు పగిలేట్టు వీస్తోంది.

"అన్నీ విడిచి వచ్చినావా?"

"వచ్చినా ఉస్తాద్."

"కూర్చో."

ఇద్దరూ తడిమన్నుకి చేతులు ఆనించారు. తర్వాత ఉస్తాదు లేచి, "పద నాయనా" అంటూ ఓబులేసు భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. చొక్కా కింద మెత్తగా ఏదో తగిలింది.

ఉస్తాదు అతని ముఖంలోకి చూశాడు. ఓబులేసు నేల చూపులు చూశాడు.

"ఈపొద్దు మందు వద్దులే. ఇట్ల రా."

అరవలేదు, తిట్టలేదు. కొట్టాలన్నిటినీ దాటించి, గుట్ట పక్కనున్న పాత రాతిగదికి తీసుకుపోయాడు. ఒకప్పుడు కాపలావాడు పడుకునే గది. అందులో మందూ లేదు, కాగితమూ లేదు, పురికొసంత సామాను లేదు. ఇద్దరూ లోపలికి పోయాక తలుపు మూసి, సందుల్లో గోనెలు కుక్కాడు. పట్టపగలే కన్ను పొడుచుకున్నా కనపడనంత చీకటైంది.

"చొక్కా తియ్యి."

తీశాడు.

"అదీ తియ్యి."

ఓబులేసు రెండు చేతులతో స్వెటరు అంచు పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ కండ్లు మూసుకున్నాడు. తల మీదుగా లాగాడు. చిటచిటమంది. దువ్వెన, తడారిన జుట్టు, రెడ్డెమ్మ. అంత సిగ్గులో కూడా ప్రాణం లేచొచ్చింది.

చీకట్లోంచి ఉస్తాదు అడిగాడు. "చూసినావా?"

"ఏంది ఉస్తాద్?"

"మళ్ల తొడుక్కో. బాగా రుద్దుకో. ఈసారి కండ్లు తెరుచుకొని తియ్యి."

తొడుక్కున్నాడు, రుద్దుకున్నాడు. కండ్లు తెరిచి, మెల్లగా పైకి లాగాడు.

నిప్పులు. ఆవగింజంత, నూకగింజంత, నీలంగా. ఛాతీ మీద, చంకల్లో, చెవి పక్కన. చిటుక్కుమన్న ప్రతిచోటా ఒక మెరుపు. చప్పుడు రెడ్డెమ్మది. దాని వెనకాలే నిప్పు.

ఓబులేసు చేతులు తల పైనే ఆగిపోయాయి. స్వెటరులో సగం, బయట సగం, అట్లనే నిలబడిపోయాడు. వెదురు జల్లెడ కింద మెత్తగా రాలే మందు కండ్ల ముందు కదిలింది. తను దాని మీదికి వంగి ఉన్నాడు.

స్వెటరు పూర్తిగా లాగేసి చేతిలోకి తీసుకున్నాడు. "మా ఆడమనిషి పంపింది ఉస్తాద్. వేసుకొని పంపింది."

"ఊఁ."

"దీన్ని విడిచి రాలేకపోయినా."

ఉస్తాదు గోనె లాగి తలుపు తీశాడు. వెలుతురు పడింది. స్వెటరు ఎప్పట్లాగే ఉంది. నున్నగా, మెత్తగా, ఏ పాపమూ ఎరగనట్టు.

"ఇంగ నన్ను రానియ్యరా ఉస్తాద్?" అన్నాడు ఓబులేసు.

ఉస్తాదు గడప మీద కూర్చొని, "ఆ బిడ్డ యాడుంది?" అని అడిగాడు.

"కువైట్‌లో."

"ఎప్పుడొస్తాది?"

"నాకు ఈ పని వచ్చినప్పుడు."

ఉస్తాదు తల ఊపాడు. బిడ్డకి అన్నం తినమని చెప్పేంత నిదానంగా అన్నాడు.

"ఆమె వచ్చే పొద్దుకు నువ్వుండాల గదా, నాయనా."

ఆ మాట అని లేచి మందు కొట్టం వైపు ఒక్కడే నడిచాడు.

ఓబులేసు స్వెటరు మడతపెట్టాడు. ఎప్పట్లాగే రొమ్ముకి హత్తుకోబోయి, ఆగాడు. రెండు చేతులూ ముందుకి చాచి, నిండుగా పాలు పోసిన గిన్నెని పట్టుకున్నట్టు పట్టుకొని, ఒంటిమీద నూలుచొక్కాతో, ఆ చలిగాలిలో ఇంటికి నడిచాడు, దాన్ని పెట్టి మళ్ల పనికి రావడానికి.