ఆండాళమ్మ మంచం పక్కన

అడిగినదానికి అడిగినప్పుడే జవాబు చెప్పడం భాష్యాచార్యులవారి పద్ధతి కాదు. మదనపల్లెలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆ పెద్దాయన, ఎవరు ఏ సందేహంతో వచ్చినా తలాడించి, "సరే, ముందు ఈ పని చేసి పెట్టు" అనేవారు. పని పూర్తయ్యేసరికి చాలామంది తమ ప్రశ్న మరిచిపోయేవారు. మరిచిపోనివాళ్ళకి మాత్రం జవాబు ఎప్పుడు దొరికిందో తెలియకుండానే దొరికి ఉండేది.

రెడ్డిరాణి ఆయన దగ్గరికి వచ్చిన రోజు ఆమె సంచిలో నాలుగు నోటుపుస్తకాలున్నాయి, రెండేసి వందల పేజీలవి. వేరుశనగ చేల మధ్య పుట్టి, డిగ్రీ దాకా తెలుగులోనే చదువుకుని, తమ ఇంట్లో పరిశోధన అనే మాట మొదటిసారి పలికిన పిల్ల ఆమె. పాత చెరువుల నీటి పంపకం మీద పరిశోధన చేయడానికి విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది. చదవాల్సిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఆరు నెలలు నిద్రాహారాలు మాని చదివింది, చదివిందల్లా రాసుకుంది. తీరా కమిటీవారు కూర్చోబెట్టి, "ఈ అధ్యాయంలో రచయిత ఏం చెప్పాడమ్మా?" అని అడిగితే నోటుపుస్తకం తెరిచి చదవబోయింది. వారిలో ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. "పుస్తకం మా దగ్గరా ఉంది. నువ్వు చెప్పు." ఆమె మళ్ళీ నోటుపుస్తకం వైపే చూసింది. మూడు వారాలు గడువిచ్చారు. ఈసారీ ఇంతే అయితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"అయ్యవారూ, చదివేటప్పుడు ఏం రాసుకోవాలి, ఏం వదిలెయ్యాలి?" అని అడిగింది. "నాకు అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి. వదిలేసిన ముక్కలోనే అసలు సంగతి ఉందేమోనని భయం. తెలుగైతే తేల్చుకుందును. ఇంగ్లీషు కదా, ధైర్యం చాలదు."

ఆచార్యులవారు నోటుపుస్తకాలు తిరగేశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ముఖ్యమైన వాక్యాల కింద ఎర్రసిరాతో గీతలు. గీత లేని వాక్యం కోసం ఆయన కాసేపు వెతికి మానుకున్నారు.

"దస్తూరి చక్కగా ఉందమ్మా" అన్నారు. తర్వాత లోపలి గదివైపు చూశారు. "మా అక్క తుంటి విరిగి మంచాన పడింది. భజన మందిరంలో సాయంత్రం నాలుగింటికి పురాణం జరుగుతోంది. వెళ్ళలేక అల్లాడిపోతోంది పాపం. నాకేమో కాళ్ళనొప్పులు. నువ్వు విని వచ్చి ఆమెకి చెప్పు. వారం రోజులు."

ఉన్నదే మూడు వారాలు, అందులో ఒక వారం పురాణానికా! రెడ్డిరాణికి ఏడుపొచ్చినంత పనయింది. కానీ అయ్యవారి మాటకి ఎదురు చెప్పడం ఆమెకి చేతకాదు. కొత్త నోటుపుస్తకం కొనుక్కుని వెళ్ళింది.

ఆ రోజు కథ ఒక కుమ్మరి భక్తుడిది. కుండల ఆవం కాల్చిన ప్రతిసారీ మొదటి ప్రమిద దేవుడికిస్తానని మొక్కుకున్నాడాయన. ఒక ఏడు జడివానకి ఆవం కూలి, ఒక్క ప్రమిద మిగిలింది. అదీ పగుళ్ళిచ్చింది. రెడ్డిరాణి ముందు వరసలో కూర్చుని తల ఎత్తకుండా పన్నెండు పేజీలు రాసింది. వచ్చి, మంచం పక్కన పీట వాల్చుకుని చదవడం మొదలుపెట్టింది.

అయ్యవారి అక్క ఆండాళమ్మకి ఎనభై దాటాయి. నుదుట ఎర్రని తిరుచూర్ణం గీత, నోట రెండు పళ్ళు. మూడో పేజీలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు అమ్మణ్ణీ. ఇంతకీ ఆ పగిలిన ప్రమిద దేవుడికి పెట్టాడా, లేదా?"

"పెట్టాడవ్వా."

"పెడితే నూనె కారిపోదూ?"

రెడ్డిరాణి పేజీలు తిప్పింది. ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. "రాశానవ్వా. ఇక్కడే ఎక్కడో ఉంది."

"ఆయన చెప్పినప్పుడు నువ్వు వినలేదూ?"

"రాసుకుంటూ ఉన్నాను..."

అవ్వ ఆ రెండు పళ్ళతోనే నవ్వింది. "అయితే విన్నది నీ కలమన్నమాట. దాన్నొక్కదాన్నే పంపించి ఉంటే నీకు నడక తప్పేది కదే! రేపు పోయి ఆ నూనె సంగతి కనుక్కుని రా. ఆయన పెళ్ళాం ఏమందో అది కూడా."

మర్నాడు రెడ్డిరాణి నోటుపుస్తకం తీసుకెళ్ళలేదు. చేతిలో ఒక చిన్న కాగితముక్క, మనసులో అవ్వ అడిగిన రెండు ప్రశ్నలు. పౌరాణికులు ముందటి రోజు కథే కాస్త అందుకుని మొదలుపెట్టారు. పగిలిన ప్రమిద కింద కుమ్మరి తన అరచెయ్యి పట్టాడట. కారిన నూనె కారినట్టే ఆ చేతిలో పట్టి, మళ్ళీ ప్రమిదలో పోస్తూ, వత్తి చివరంటా వెలిగేదాకా కదలకుండా కూర్చున్నాడట. ఆ మాట చెవిన పడగానే రెడ్డిరాణికి కళ్ళు చెమర్చాయి. నిన్న ఈ మాట తన చేత్తోనే రాసింది. కాగితం మీద 'అరచెయ్యి' అని ఒక్క ముక్క రాసుకుని, తల ఎత్తి ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది.

వచ్చి చెబితే ఆండాళమ్మ రెండు చేతులూ జోడించింది. "మరి పెళ్ళాం?" అంది.

"పక్కనే కూర్చుని ఉంటుందవ్వా. ఆయన చెయ్యి నొప్పెడితే తన చెయ్యి పట్టి ఉంటుంది."

"ఇది ఆయనన్నదా, నువ్వన్నదా?"

"నేనన్నదే."

"బాగుంది. కానీ కలపొద్దమ్మణ్ణీ. ఆయనది ఆయనకుంచు, నీది నీకుంచుకో. కలిపేస్తే నేనెవరిని మెచ్చుకోవాలి?"

ఆనాటి నుంచి ఆమె కాగితాన్ని నిలువునా మధ్యకి మడవడం మొదలుపెట్టింది. ఒక సగంలో పౌరాణికులన్నది, నాలుగైదు మాటల్లో. రెండో సగంలో తనకి తోచింది. అడుగున అవ్వ ప్రశ్నలు. వారం తిరిగేసరికి అడుగునున్న ప్రశ్నలే పైవాటికంటే ఎక్కువయ్యాయి.

ఒకనాడు అవ్వ తన సంగతి చెప్పింది. "నన్ను మూడో తరగతిలోనే బడి మాన్పించారు. ఈ తమ్ముణ్ణి పంపించారు. నాకెంత కడుపుమంటో! వీడు బడినుంచి రాగానే గడపలోనే పట్టుకునేదాన్ని. ఈ రోజు ఏం చెప్పార్రా అంటే పలక చూపించబోయేవాడు. పలక నాకెందుకురా, నువ్వు చెప్పు అనేదాన్ని. చెప్పలేకపోతే ఆ పూట బొరుగుల ఉండ లేనట్టే." వసారాలో ఆచార్యులవారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఎంతసేపటికీ పేజీ తిరగలేదు.

పురాణం ముగిసింది. "రేపట్నుంచి నాకేం చెబుతావే?" అని అవ్వ దిగులుపడింది.

రెడ్డిరాణి కాస్త జంకుతూనే అంది. "ఇంగ్లీషు పుస్తకం ఒకటుందవ్వా. చెరువుల గురించి."

"ఇంగ్లీషులో ఉంటే మాత్రం, చెరువు చెరువే కదా. చెప్పు."

అలా మొదలైంది. పొద్దున ఒక అధ్యాయం చదివి పుస్తకం మూసేది. అవ్వకి ఏం చెబుదామా అని కాసేపు ఆలోచించుకుని, అప్పుడు మడత కాగితం తీసేది. తెలియని మాటలు బోలెడు వచ్చేవి. ఏ మాట తెలియకపోతే అవ్వకి చెప్పలేదో ఆ మాటకి మాత్రమే నిఘంటువు చూసేది. మిగతావాటిని పోనిచ్చేది. పోనిచ్చినా కొంప మునగలేదు.

మూడో అధ్యాయం దగ్గర అవ్వ పట్టుకుంది. "నీళ్ళు ఎవరికెప్పుడు వదలాలో ఊరి పెద్దే తేల్చేవాడని రాశాడా? ఆ రాసినాయనకెవరు చెప్పారట?"

రెడ్డిరాణి మర్నాడు పేజీల అడుగునున్న సన్న అక్షరాలన్నీ వెతికింది. ఇన్నాళ్ళూ వాటిని కూడా నోటుపుస్తకంలోకి ఎక్కించుకుందే కానీ ఎందుకున్నాయో చూడలేదు. ఆయన చూపిన ఆధారాలన్నీ దొరల కాలంనాటి శిస్తు కాగితాలే.

"నీరుగంటిని ఎవరూ అడగలేదూ?" అంది ఆండాళమ్మ. "మా నాన్నగారి ఊళ్ళో తూము తీసేదీ మూసేదీ నీరుగంటే. ఎంత మోతుబరి చేనైనా సరే, వంతొచ్చేదాకా గట్టుమీద నిలబడాల్సిందే."

రెడ్డిరాణి తన సగంలో ఒక వాక్యం రాసుకుంది. ఆరు నెలల్లో చెరువుల గురించి ఆమె సొంతంగా రాసుకున్న మొదటి వాక్యం అది.

కమిటీకి వెళ్ళే రోజు పొద్దున బస్సెక్కేముందు భజన మందిరం దగ్గర ఆగింది. ఏమీ కోరుకోలేదు. పురాణం చెప్పినాయనకీ, కుమ్మరికీ, మంచంలోని అవ్వకీ, పేపరు వెనకాల ఉన్న అయ్యవారికీ కలిపి ఒక్క దండం పెట్టింది.

కమిటీలోని ఆ పెద్దాయన మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ఆమె చేతిలో ఒక్క కాగితం ఉంది. దానివంక చూడలేదు. రచయిత ఏమన్నాడో, ఏ ఆధారంతో అన్నాడో చెప్పింది. "తూము నీరుగంటి చేతిలో ఉండేదని ఒక అవ్వ చెప్పింది సార్. శిస్తు కాగితాలే చూశాడు కాబట్టి ఆ మాట ఇందులో ఎక్కడా లేదు. నేను ఊళ్ళు తిరిగి అది వెతుకుతాను" అంది.

"ఇలా అని ఎవరైనా రాశారా?"

"లేదు సార్. ఇది నేనన్నది."

ఆయన పక్కాయన వైపు తిరిగి, "సంతకం పెట్టండి" అన్నారు.

సాయంత్రం బస్సు దిగి, బొరుగుల ఉండల పొట్లంతో ఆమె నేరుగా ఆ ఇంటికే వచ్చింది. వసారాలో అయ్యవారి పాదాలకి దండం పెట్టింది. సంతోషంగా ఒక కాగితం చాచింది. "అయ్యవారూ, అక్కడ ఎవరేమన్నారో బస్సులో ఒక్క ముక్క పోకుండా రాసుకొచ్చాను, చూడండి."

ఆచార్యులవారు కాగితం అందుకోలేదు. పొట్లంలోంచి ఒక ఉండ తీసుకున్నారు.

"అక్క మధ్యాహ్నం నుంచీ నీ కోసం చెవులు రిక్కించుకుని ఉందమ్మా" అన్నారు. "ఆ కాగితం ఇక్కడ పెట్టి లోపలికి వెళ్ళు."