పోయొస్తాం

మా గురువుగారు తిరువెంగళయ్యగారికి ఒక అలవాటుండేది. ఆశ్రమానికి వచ్చినవాడు రాజుగారి బంధువైనా సరే, దారి తప్పిన గొర్రెలకాపరైనా సరే, సెలవు తీసుకునేటప్పుడు ఆయన లేచి వాకిటి తడిక దాకా వచ్చి, "పోయిరా నాయనా" అనేవారు. ఆ మాట అనకుండా ఆయన ఎవరినీ సాగనంపగా నేను చూడలేదు. ఒకసారి చలిజ్వరంతో మూలుగుతూ కూడా నా భుజం పట్టుకుని తడిక దాకా నడిచారు. ఎందుకండీ ఈ అవస్థ, మంచంలోంచి అంటే చాలదా అని నేను విసుక్కుంటే వినిపించుకోలేదు. మాచన వచ్చిన రోజున గాని ఆ మాట విలువ నాకు తెలిసిరాలేదు.

మాచన మా దగ్గర చదువుకుని సిరికోన రాజ్యంలో మంత్రి అయినవాడు. ఆ ఏడు సిరికోన, దాని చుట్టూ ఉన్న రాజ్యాలూ ఒకచోట కూర్చుని ఒడంబడిక చేసుకోబోతున్నాయి. సరిహద్దుల్లో సైన్యాలు ఉండకూడదు, ఉన్న ఆయుధాలు అందరి ఎదుటా విరగ్గొట్టాలి, ఇక మీదట ఒకరి మీద ఒకరు కత్తి ఎత్తకూడదు. సిరికోన తరఫున చేవ్రాలు పెట్టవలసినవాడు మాచన. వెళ్ళే దారిలో పల్లకి ఆపించి ఆశ్రమానికి వచ్చాడు. తలకు పట్టు పాగా, నడుముకు వెండిపిడి బాకు. మనిషి మాత్రం నిద్రలేక పీక్కుపోయి ఉన్నాడు.

గురువుగారు అరుగు మీద కూర్చుని చేటలో ఉలవలు ఏరుతున్నారు. మాచన ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి ఎదురుగా కూలబడ్డాడు.

"గురువుగారూ, పోయిన యుద్ధంలో మా అన్న చచ్చిపోయాడు. తమ్ముడు ఇప్పుడు సరిహద్దు కోటలో ఉన్నాడు. వాడి చేతిలో కత్తి తీసేయమని నేనే చేవ్రాలు పెట్టాలి. అవతలివాళ్ళు మాట తప్పితే మా అమ్మకు ఏ ముఖం చూపించను? ముందు వాళ్ళు దించితే మేమూ దించుతాం. లేదా, పైకి కనబడకుండా కాసిని ఆయుధాలు దాచుకుంటాం. అందులో తప్పేముంది?"

నిజం చెప్పొద్దూ, నాకైతే అతని మాట సబబుగానే తోచింది. ఒక కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇంట్లో కూర్చుని ఉంటే ధర్మపన్నాలు వల్లించడం ఎవరికైనా తేలికే. గురువుగారు తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. ఉలవల్లోంచి ఒక రాయి ఏరి పారేసి, "జిల్లేళ్ళ కనుమ ఎరుగుదువా?" అని అడిగారు.

"ఎరగకేం? సంతకు పోయే దారి."

"నా చిన్నతనంలో అక్కడ గొర్రె కూడా దాటేది కాదు" అని ఆయన చెప్పుకొచ్చారు. నాకు గుర్తున్నంతవరకు ఆ సంగతి ఇదీ.

కనుమకు పడమట మేడికొండ రాజ్యం, తూర్పున తుమ్మలసీమ రాజ్యం. రెండువైపులా ఒకటే భాష, ఒకటే తిండి, పిల్లనిచ్చి పుచ్చుకున్న కుటుంబాలు. ఏ మహానుభావుడు రాజేశాడో గాని పగ రాజుకుంది, తాతల నాటినుంచీ ఆరలేదు. కనుమకు ఆ చివర ఒక దండు, ఈ చివర ఒక దండు కాపలా. చివరికి రాజులిద్దరూ విసిగిపోయి సంధి చేసుకున్నారు. ఒక ఉదయం ఇరువైపులవాళ్ళూ వచ్చి కనుమ మధ్యలో ఉన్న బండ మీద ఆయుధాలు దించి, ఎవరి ఊళ్ళకు వాళ్ళు మళ్ళిపోవాలి. శాంతిపాఠం చదవడానికి గురువుగారిని పిలిచారు. అప్పటికి ఆయనకు గడ్డం కూడా సరిగా రాలేదట.

దండుల వెనక బోలెడంత జనం. దారి తెరవగానే అవతల ఉన్న అక్కను చూద్దామని, కూతుర్ని చూద్దామని చంకలో పిల్లలతో, నెత్తిన మూటలతో తెల్లారేసరికే వచ్చి కూర్చున్నారు.

ముందు మేడికొండవాళ్ళ వంతు. ఈటెలు, విళ్ళు, కత్తులు బండ మీద కుప్పపోశారు. వాళ్ళ దళపతి గంగినాయుడు మాత్రం తన తండ్రి కత్తిని నడుమునే ఉంచుకున్నాడు. ఇది యుద్ధానికి కాదు, అలంకారానికి అని పక్కవాడితో అన్నాడట. తుమ్మలసీమవాళ్ళు అది చూశారు గాని పైకేమీ అనలేదు. గంగినాయుడు మర్యాద తెలిసినవాడు. వెళ్ళేముందు ఒక మాట చెప్పి వెళ్ళాలి కదా అని అవతలివైపు తిరిగి, చెయ్యెత్తి గట్టిగా, "పోయొస్తాం!" అని కేకేశాడు.

తుమ్మలసీమ దళపతి రుద్రప్ప ఉలిక్కిపడ్డాడు.

"వస్తారా? ఎప్పుడొస్తారు? ఎంతమంది వస్తారు?" అని గర్జించాడు.

అతని వెనక విళ్ళు లేచాయి. అది చూసి మేడికొండవాళ్ళు దించిన కత్తుల కోసం బండ వైపు పరుగెత్తారు. ఆడవాళ్ళు పిల్లలను కిందికి లాక్కుని గొల్లుమన్నారు. గురువుగారు చదవవలసిన శాంతిపాఠం మరిచిపోయారట.

"మర్యాదకు అన్న మాటయ్యా అది!" అని గంగినాయుడు అరిచాడు.

"నడుముకు కత్తి కట్టుకుని మళ్ళీ వస్తానంటే అది మర్యాదా? వచ్చేది లేదని చెప్పు. 'పోతున్నాం' అను, చాలు. బాణాలు దించుతాం."

గంగినాయుడు తన మనుషుల వైపు చూశాడు. ఎలా అంటాడు పాపం? గడప దాటుతూ ఎవడైనా 'పోతున్నా' అంటే, అవేం మాటలురా, పోయొస్తాననాలి అని తల్లులు నోరు మూసే దేశం మనది. మళ్ళీ వచ్చే ఆశ లేకుండా పోయేవాడు పాడె మీద పోయేవాడొక్కడే. "అనకు దొరా, నీకు పుణ్యముంటుంది, అనకు" అని అతని మనుషులే వెనకనుంచి మొత్తుకుంటున్నారు. ఆ ఒక్క మాట అంటే జనం అంతా బతికి ఇళ్ళకు చేరతారు. ఆ మాట మాత్రం నోట రావడం లేదు.

అప్పుడు గంగినాయుడు ఒకసారి తన నడుము చూసుకున్నాడు. కత్తి విప్పాడు. బండ దగ్గరకు వెళ్ళి మిగతావాటి పక్కన పెట్టాడు. తన మనుషులను కదలవద్దని చేత్తో ఆపి, వట్టి చేతులతో ఆ బాణాలకు ఎదురు నడిచాడు. రుద్రప్ప ముందు నిలబడి, చేతులు జోడించి, ఇందాకటి మాటే మళ్ళీ అన్నాడు. ఈసారి మెల్లగా అన్నాడు.

"పోయొస్తానన్నా."

రుద్రప్ప ఆలోచించుకునే లోపలే, పుట్టినప్పటినుంచీ అలవాటైన జవాబు అతని నోటివెంట వచ్చేసింది.

"మంచిది, పోయిరా తమ్ముడూ."

అన్నాక తను ఏమన్నాడో తనే విని నోరు తెరిచి నిలబడిపోయాడు. శత్రువును పట్టుకుని 'రా' అన్నాడు! వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. రుద్రప్ప వాణ్ణి కసరలేదు. కళ్ళు తుడుచుకుంటూ తన కత్తి విప్పి తీసుకెళ్ళి గంగినాయుడి కత్తి పక్కన పెట్టాడు. తరవాత అతని మనుషులు ఒక్కొక్కరే వచ్చి విళ్ళు దించారు.

గురువుగారు చేట పక్కన పెట్టారు.

"గంగినాయుడు మళ్ళీ వచ్చాడా?" అని అడిగాడు మాచన.

"వచ్చాడు. రుద్రప్ప కూతురి పెళ్ళికి. రెండు బుట్టల వంకాయలు మోయించుకుని."

"ఆ రోజు రుద్రప్ప బాణం వదిలి ఉంటే?"

"వదిలి ఉండొచ్చు" అన్నారు గురువుగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత దూరం వచ్చిన మనిషికి కాస్త ధైర్యం చెబితే ఏం పోయింది? కాని ఆయన తత్వమే అంత, లేని భరోసా ఇచ్చేవారు కాదు.

బయట బోయీలు తొందరపెడుతున్నారు. మాచన లేచి పాగా సర్దుకున్నాడు. గురువుగారు తడిక దాకా వచ్చారు. మాచన వంగి దణ్ణం పెట్టి, "పోయొస్తాను గురువుగారూ" అన్నాడు.

గురువుగారు పెదవి కదపలేదు.

గొర్రెలకాపరికి కూడా అన్న మాట, సంధికి వెళ్ళేవాడికి అనరా? మాచన ఇంకాస్త వంగాడు. "పోయొస్తాను" అని మళ్ళీ అన్నాడు. గురువుగారి చూపు అతని నడుము మీద ఉంది.

మాచన చెయ్యి బాకు మీద పడింది. "ఇదా? ఇది మా అన్నది గురువుగారూ. అన్న పోయినప్పటినుంచీ నా దగ్గరే ఉంటోంది. యుద్ధానికి కాదు, ఉత్త అలం..."

అని ఆగిపోయాడు.

అన్న వస్తువు అది, తీసి పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనే తల తిప్పుకున్నాను. కాసేపటికి పట్టీ విప్పిన చప్పుడు వినబడింది. మాచన వెనక్కి నడిచి బాకును అరుగు మీద ఉలవల చేట పక్కన పెట్టాడు. మళ్ళీ తడిక దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు.

"పోయొస్తాను గురువుగారూ."

"పోయిరా నాయనా" అన్నారు గురువుగారు. "వచ్చేటప్పుడు మీ తమ్ముణ్ణి కూడా తీసుకురా."